టారో కోసం ఎవరైనా వస్తారేమో

"ఎవరైనా వచ్చారా అక్కా?" షెల్టర్ గేటు తోస్తూనే మొయిరా అడిగింది.

"ఇంకా కోళ్ళే చెట్లు దిగలేదు. మనుషులెక్కడ్నించి వస్తారే తల్లీ?" అంటూ తెపైరు ఒక బకెట్ ఆమె చేతికిచ్చి, ఇంకోటి తాను తీసుకుంది. ఇద్దరూ కలిసి బోనులు కడగడం మొదలుపెట్టారు.

పసిఫిక్ సముద్రంలోని రారోటోంగా దీవిలో ఆ జంతువుల షెల్టర్‌కు తెపైరే పెద్ద దిక్కు. మొయిరా న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి సెలవులకు వచ్చిన రిటైర్డ్ టీచరు. భర్త పోయాక ఇంట్లో కెటిల్‌తో తప్ప మాట్లాడే తోడు లేదు. ఇసుకలో పడుకుని ఎంతసేపని, రోజూ పొద్దున్నే వచ్చి ఊరికే చాకిరీ చేస్తోంది.

దీవి మర్యాద ఆమెకు మొదట్లోనే తెలిసొచ్చింది. తెపైరు టోపీ బాగుందంటే సాయంత్రానికి అది మొయిరా నెత్తి మీదుంది. చెవిపోగులు బాగున్నాయంటే అవీ వచ్చేశాయి. అతిథి మెచ్చుకున్నది ఇవ్వకుండా ఉంచుకోవడం ఇక్కడివాళ్ళకు చేతకాదు. అప్పటి నుంచి మొయిరా నోరు అదుపులో పెట్టుకుంది. కుక్కల్ని మాత్రం మనసారా పొగిడేది. దిక్కులేనివాటిని పొగిడితే ఎవరికీ నష్టం లేదుగా.

అన్నిటికంటే ఎక్కువ పొగడ్తలు టారో అనే కుక్కవి. మట్టిరంగు, ఒక చెవి మడత, తెలివి అంతంతమాత్రం. ఆవరణంతా తనదే అన్నట్టు తిరుగుతూ కాళ్ళకు అడ్డం పడేది. సాయంత్రమైతే మొయిరా వెంట నడిచి ఆమె బస గుమ్మంలోనే పడుకునేది. చివరికి ఆమె ఉండబట్టలేక అడిగేసింది. "దీన్ని నాతో తీసుకెళ్ళనా అక్కా?"

తెపైరు వంగి టారో మడత చెవిని సవరించింది. ఆ తర్వాత షెల్టర్ పద్ధతి చెప్పింది. ఈ దీవిలో కుక్కల్ని ఎవరూ కట్టెయ్యరు. ఊరికే తిరుగుతోందని విమానం ఎక్కిస్తే వెనక ఎవరో ఒకరు ఏడుస్తారు. అందుకని యజమాని ఉంటే రమ్మని రేడియోలో చెప్పించి వారం ఆగాలి.

రేడియో అతను ఇది నిజంగానే చదవాలా అని రెండుసార్లు అడిగాడట. చదవమంది తెపైరు. దీవంతా విన్నది.

ఆ వారమంతా మొయిరా గేటు వైపే చూస్తూ గడిపింది. బయట స్కూటర్ ఆగితే చాలు, ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేది. ఒకరోజు ఒక భారీ మనిషి లోపలికొచ్చాడు. టారో తోక ఊపుతూ ఎదురెళ్ళింది. అయిపోయిందనుకుంది మొయిరా. అతను టారో తల నిమిరి, తెపైరు వైపు చూసి, "నువ్వు బాగానే ఉన్నావా?" అన్నాడు. ఆమె దీవి పద్ధతిలో అవునన్నట్టు కనుబొమలు ఎగరేసింది. అతను ఇంకేమీ అడగకుండా, తన పిల్లికి పురుగుల మందు తీసుకుని వెళ్ళిపోయాడు.

గడువు తీరింది. ప్రయాణం రోజున తెపైరే స్వయంగా టారోకు స్నానం చేయించి, మెడకు కొత్త పట్టీ కట్టింది. కళ్ళు తుడుచుకుంటుంటే మొయిరా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"పంపిన ప్రతి కుక్క కోసమూ ఇలాగే బెంగపడితే ఎలా అక్కా?"

"అదేం లేదే. అదే నిన్ను ఎంచుకుంది. నాకు సంతోషంగానే ఉంది."

"తర్వాతెవరైనా వచ్చి నాదని అడిగితే?"

"అడగరు. నిశ్చింతగా వెళ్ళు."

విమానం లేచింది. తన ఇంట్లో మళ్ళీ ఒక ప్రాణి తిరగబోతోందన్న ఆనందంలో మొయిరాకు లోకమంతా మంచిగా కనబడింది, ఒక్కరు తప్ప. ఇలాంటి కుక్క కోసం వారంలో ఒక్కసారైనా వచ్చి చూడని ఆ యజమాని ఎవరో గానీ, ఎంత రాతిగుండె మనిషో అనుకుంది.

టారో యజమాని ఆ వారమంతా ఆమె పక్కనే బోనులు కడిగింది.