ఊరంతా ఏడ్చిన కథ

"ఎవరు చెప్పారయ్యా నీకు? ఆ పేరు చెప్పేదాకా ఈ గుమ్మం దిగను!"

రాజమహేంద్రవరంలోని ఆ చిన్న అచ్చుకూటం దద్దరిల్లేలా అరిచింది పాపాయమ్మ. చేతిలో నలిగిన వారపత్రిక ఉంది. ఆమెకు చదువు రాదు. కానీ అందులో ఏముందో ఊళ్ళో అందరికీ తెలుసు. కరణంగారి అరుగు మీద ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. విన్నవాళ్ళు ఏడ్చారు. ఏడ్చినవాళ్ళు ఇళ్ళకెళ్ళి మళ్ళీ చెప్పుకుని ఏడ్చారు.

పత్రిక నడిపే అచ్చిబాబు మొహం మాత్రం వెలిగిపోయింది. "యానాం దగ్గర మునిగిన పడవలో తల్లి మీరేనాండి?"

"నేనేనయ్యా! ఓ చంకలో కొడుకు, ఓ చేతిలో కూతురు. పేరు రాయకపోతే ఎవరికీ తెలీదనుకున్నావా?"

"చాలా సంతోషమమ్మా. ఒక్క మాట వినండి, లోపల..."

"సంతోషమా!" పత్రికను బల్ల మీదికి విసిరికొట్టింది. "కాలవ శిస్తు గురించి రాసుకోవచ్చుగా! గోదారి మీద వంతెన కడుతున్నారుగా, అది రాసుకోవచ్చుగా! నా కడుపుకోతే దొరికిందా?"

"అవన్నీ రాశానండి, ఎవరూ చదవలేదు. ఇదైతే ప్రతులు చాలక మళ్ళీ అచ్చేశాం. ప్రతి తల్లీ తన కథే అనుకుంటుందండి, అందుకే..."

ఎదురుగా మనిషి తగలబడిపోతుంటే ఈ పెద్దమనిషి ప్రతుల సంగతి చెబుతున్నాడు.

"నిన్నట్నుంచి మా ఆయన నా చేతి కూడు ముట్టలేదు! పదేళ్ళుగా ఆయనకి కూతుర్ని నీళ్ళే లాక్కుపోయాయని చెప్పుకొస్తున్నాను. కన్నతల్లిక్కూడా నిజం చెప్పలేదు. దాన్ని నేనే వదిలేశానని నీకెవరు చెప్పారు?"

అచ్చిబాబు తెల్లబోయాడు. "అంటే మీరు..."

"అవునయ్యా, వదిలేశాను! ఇద్దర్నీ పట్టుకుంటే ముగ్గురం పోతాం. మగపిల్లాడు దక్కాలని దాని వేళ్ళు నేనే విడిపించాను. అది అమ్మా అంటూనే ఉంది. నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివి? నేనూ, గోదారీ తప్ప చూసినవాళ్ళు లేరు. చెప్పు, ఎవరు?"

"నెమ్మదమ్మా, మీకు దణ్ణం పెడతాను." అతను గొంతు బాగా తగ్గించాడు. "వదిలేశారని ఎవరూ చెప్పలేదండి. చెయ్యి జారిపోయిందనే చెప్పింది ఆ పిల్ల. జారిందంటే జనం ఏడుస్తారా? వదిలేసిందని నేనే కల్పించాను."

"ఏ పిల్ల?"

"జాలర్లు ఒడ్డుకి చేర్చారటండి. సామర్లకోట పాదిరీల మిషన్‌లో పెరిగింది. ఊరు పేరు గుర్తులేదు. పత్రికలో వేస్తే అమ్మ వెతుక్కుంటూ వస్తుందని తనే వచ్చి చెప్పుకుంది. మీరొస్తారని రోజూ ఇక్కడే..."

పాపాయమ్మ లోపలి గది వైపు చూసింది. గుమ్మంలో పదిహేనేళ్ళ పిల్ల నిలబడి ఉంది. అదే నుదురు, అవే కళ్ళు. ఎంతసేపట్నుంచి ఉందో ఏమో. ఊరంతా ఏడ్చిన ఆ కథకి ఆ పిల్ల కంట్లో మాత్రం చుక్క నీరు లేదు.

"చిన్నమ్మాయీ..." పాపాయమ్మ రెండు చేతులూ చాచింది.

ఆ పిల్ల తన చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ జారిందనే అనుకున్నానండి."