ఎవరి గాలానికి ఎవరు

"ఈ గొడవ ఇవాళ తేలిపోవాలి. ఇద్దరూ గాలం రాడ్లు మార్చుకోండి" అన్నాడు దుకాణం బాబాయ్.

అతను తన రాడ్‌ని గట్టిగా పొట్టకి ఆనించుకున్నాడు.

ఆదివారం పొద్దున్న. చెరువు మీద మంచు ఇంకా విడలేదు. నీళ్ళలోకి వేసిన చెక్క వంతెన చివర ముగ్గురే ఉన్నారు. అతను, కొత్తగా పెళ్ళయిన అతని భార్య, చేపలు పట్టే సామాను అమ్మే బాబాయ్. భార్యాభర్తల దారాలు రెండూ దూరంగా నీళ్ళలో ఉన్నాయి. వాటి కొసన ఎరగా చెరో ప్లాస్టిక్ చేప.

ప్రతి ఆదివారం ఇక్కడికే వస్తారు. ప్రతి ఆదివారం దారం చుట్టే రీళ్ళ మీద అదే వాదన.

"నా స్పిన్నింగ్ రీలు ముందు మీ డబ్బా ఏపాటిదండీ? వేలు తీస్తే చాలు, దారం తనంతట తనే జారిపోతుంది. చప్పుడు కూడా చెయ్యదు పాపం."

"అది చిన్నపిల్లల ఆట. బెయిట్‌కాస్టింగ్ అంటే దారం చుట్ట గిరగిరా తిరుగుతుంటే బొటనవేలితో పగ్గం వెయ్యాలి. గుర్రాన్ని ఆపినట్టు."

"పోయిన వారం మీ గుర్రం ఆగలేదుగా. దారమంతా పిచ్చుక గూడైంది. గుడ్లు పెడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను."

ఇద్దరూ నవ్వుకుంటారు. ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ ఒకే మూతలో పోసుకుని తాగుతారు. ఇంతవరకూ ఒక్క చేపా పడలేదు. తప్పెప్పుడూ ఎదుటివారి రీలుదే.

ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వంకర పళ్ళకి తీగలు బిగించి, కొసలు కత్తిరించడం ఆమె పని. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములు సరిచేస్తాడు. ఒకరోజు వాన తప్పించుకోవడానికి బాబాయ్ దుకాణంలో దూరాడు. అప్పటికే ఆమె అక్కడ ఉంది, జడ చివర నుంచి నీళ్ళు కారుతూ.

"స్పిన్నింగ్ రీలే మంచిది కదండీ?" అని అడిగింది.

అతనికి తెలిసిన రీలు సినిమా రీలొక్కటే. అయినా అద్దాల బీరువాలో మెరుస్తున్నదాని పక్కన రాసి ఉన్న పేరు చదివి, "తెలిసినవాళ్ళు బెయిట్‌కాస్టింగే వాడతారండీ" అనేశాడు.

ఆ ఒక్క ముక్కే మూడు ముళ్ళ దాకా తీసుకెళ్ళింది. "ఊరికే వానకి దూరినవాళ్ళయితే మీ వంక చూసేదాన్నే కాదు" అని ఇప్పటికీ అంటుంది. అన్నప్పుడల్లా అతను మాట మార్చేస్తాడు.

ఎందుకంటే బతికున్న చేపంటే అతనికి హడల్. ఆ కొట్టుకునే తోక, ఆ రెప్ప వెయ్యని కన్ను. చిన్నప్పుడొకటి బుట్టలోంచి ఎగిరి చొక్కాలో పడింది. ఇప్పటికీ చేపల బజారు వీధి తప్పించి, చుట్టూ తిరిగి పనికి వెళ్తాడు.

అందుకే ఒక ఉపాయం చేశాడు. రాడ్ తన చేతిలో ఉన్నంతవరకు చేప ఒడ్డెక్కదు, పరువూ పోదు. అది ఆమె చేతికి వెళ్ళిందా, కొంప మునిగినట్టే.

"మార్చుకోవడం ఎందుకులే బాబాయ్? చేతి అలవాటు తప్పుతుంది" అన్నాడు.

"అవును బాబాయ్, ఆ బరువు నా వల్ల కాదు" అంది ఆమె. ముఖం పాలిపోయింది. పిచ్చుక గూడు తలుచుకుని జడిసింది కాబోలు అనుకున్నాడు.

"మీ పెళ్ళికి పెళ్ళిపెద్దని నేను. ఆ వాన రోజు సామాను కొన్నారు, మళ్ళీ నా గడప తొక్కలేదు. అసలు మీరు పట్టేది చేపలేనా, చెరువుకి కాపలానా?"

బాబాయే రెండు రాడ్లూ లాక్కుని మార్చి చేతుల్లో పెట్టాడు.

అతని చూపంతా తన రాడ్ మీదే ఉంది. ఆమె దాన్ని పామును పట్టుకున్నట్టు పట్టుకుంది. చుట్టడం లేదు. ఇంకాసేపు చుట్టకుండా ఉంటే బాగుండు.

"చుట్టమ్మాయ్."

"చుడతాను బాబాయ్, ఉండండి. తొందరేముంది?"

అంతలో అతని చేతిలోని స్పిన్నింగ్ రీలు కీచుమంది. రాడ్ కొస నీళ్ళ వైపు వంగింది.

"పట్టింది. నెమ్మదిగా లాగబ్బాయ్" అన్నాడు బాబాయ్.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నీళ్ళ కింద వెండిలా ఏదో తిరగబడింది. ఆ కన్ను తననే చూస్తోందనిపించింది. వదిలేస్తే ఆమెకి తెలిసిపోతుంది. లాగితే అది వచ్చి కాళ్ళ మీద పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏవండీ, వదిలెయ్యండి" అంది ఆమె.

"వదిలెయ్యడమేమిటమ్మాయ్? మీ ఇంటికి మొదటి చేప."

అతను కళ్ళు మూసుకుని చుట్టాడు. చేప ఇటు లాగింది, అటు లాగింది. ఉన్నట్టుండి దారం వదులైపోయింది.

"పోయింది" అన్నాడు బాబాయ్. "నోరారా మింగింది కదా, ఎలా జారింది చెప్మా? ఏదీ, ఎర పైకి తియ్యి, చూద్దాం."

ఆమె అతని రాడ్‌ని చెక్కల మీద పడేసి పరుగెత్తుకొచ్చింది.

"తియ్యకండి. నేను తీస్తాను. గుచ్చుకుంటుంది."

ఎప్పుడూ అంతే. ఆమె ఎర దగ్గరికి అతను వెళ్ళబోతే చాలు, కొక్కెం గుచ్చుకుంటుందని పక్కకి నెట్టేస్తుంది. కానీ ఇవాళ ఆలస్యమైంది. అతని చెయ్యి ఆఖరి చుట్టు చుట్టేసింది.

నీళ్ళు కారుతూ పైకి లేచిన ఆమె ప్లాస్టిక్ చేప కడుపు కింద, అచ్చం అతను తన దానికి కత్తిరించుకున్నట్టే, కొక్కెం మొదలంటా నున్నగా కత్తిరించేసి ఉంది.