ఇంకా బోర్లా పడలేదు

ఇంకా ఏదో మిగిలే ఉంది. దిండ్లు తీసేసింది. కత్తిపీట అటకెక్కించింది. పెరట్లో నీళ్ళ డ్రమ్ములకు మూతలు పెట్టి, మూతల మీద రాళ్ళు పెట్టింది. చేపల చెరువులో చల్లే మందు డబ్బాలను పక్కింటి షెడ్డులోకి పంపేసింది. చీర ఉయ్యాల విప్పించి ఇనుప స్టాండు ఉయ్యాల తెప్పించింది. అయినా జాయ్సీ మనసు గదిగదికీ తిరుగుతూనే ఉంది. తలుపు వెనక ఏముంది? మంచం కింద ఏముంది? ఆ విప్పిన ఉయ్యాల తాడు ఎక్కడ పెట్టారు?

తాడు దగ్గరికి వచ్చేసరికి మనసు ఆగిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది.

పెదపాడు దాటాక చెరువు గట్టు మీద ఉంది ఆ ఇల్లు. వెనక తలుపు తీస్తే నాలుగడుగుల్లో నీళ్ళు. పాపతో పుట్టింటి నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ జాయ్సీకి మెలకువలోనే ఒక దృశ్యం కనిపిస్తోంది. నీళ్ళు. నీళ్ళ మీద పాప పసుపుపచ్చ గౌను. సగం దాకా చూసి తల విదిలించేస్తుంది. మిగతా సగం రానివ్వదు.

ఒకసారి భర్తతో చెప్పబోయింది.

"నాకు భయమేస్తోందండీ."

"చెరువు పక్క ఇల్లాయె, భయం వెయ్యదేంటి," అన్నాడు సత్యానందం. ఆ సాయంత్రమే ఏలూరు వెళ్ళి వెనక తలుపుకి పెద్ద తాళం కొనుక్కొచ్చాడు. తాళం చెవి జాయ్సీ తన దగ్గర ఉంచుకోలేదు. అత్తగారి బొడ్లో దోపించింది.

"దానమ్మగారూ, ఉన్నారాండీ?"

వాకిట్లో భాగ్యశ్రీ. ఆ ఊరి ఆశా కార్యకర్త. చంటిపిల్లలున్న ఇళ్ళలో ప్రమాదం తెచ్చేవి ఏమున్నాయో చూసి ఫోనులో ఎక్కించడం ఈ నెల ఆమె పని.

దానమ్మ బ్యాగులో చీరలు సర్దుకుంటోంది. "రామ్మా, రా. నువ్వు చూడ్డానికేం మిగల్చలేదు మా కోడలు. వంకాయ తరగాలంటే నేను నిచ్చెనెక్కాలి ఈ ఇంట్లో."

భాగ్యశ్రీ ఇల్లంతా తిరిగి వచ్చింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"నాలుగో నెలేగా పాపకి? బోర్లా పడిందా?"

"ఇంకా లేదండీ," అంది జాయ్సీ.

"పక్కకి దొర్లడం కూడా రాని పిల్లకి తాళాలూ రాళ్ళూనా! పాక్కుంటూ పోయి అటకెక్కి కూర్చుంటుందనా?"

నవ్వాలని గుర్తొచ్చి జాయ్సీ కూడా నవ్వింది.

"ఇంకా విను," దానమ్మ అందుకుంది. "స్నానం నేనే చేయించాలి. నా పక్కనే పడుకోబెట్టుకోవాలి. పాలిచ్చేటప్పుడు ఎదురుగా కూర్చోవాలి, పోలీసు కాపలాలాగా. నేను పెరట్లోకి పోతే ఈవిడా నా వెనకే పెరట్లోకి. కన్నతల్లి ఎత్తుకుంటే అరిగిపోతుందేమో మా ఏంజెల్!"

"పోనీలెండి పిన్నిగారూ. అసలు పట్టించుకోని వాళ్ళని చూసి చూసి విసుగొస్తోంది నాకు." భాగ్యశ్రీ రాళ్ళు పెట్టిన డ్రమ్ములను ఒక ఫొటో తీసుకుంది. "మా మీటింగులో చూపిస్తానమ్మా జాయ్సీ. ఒకరైనా నేర్చుకుంటారు."

ఫోనులో వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయింది. తల్లి ఆరోగ్యం అన్నచోట అడక్కుండానే టిక్కు పెట్టేసింది.

బయట ఆటో వచ్చి ఆగింది. దానమ్మ తాడేపల్లిగూడెంలో ప్రార్థన కూటాలకి వెళ్తోంది. ఏలూరులో రైలెక్కాలి. సత్యానందం నిన్ననే లారీలో చేపల లోడుతో బయలుదేరాడు. వారం దాకా రాడు.

"వెళ్ళక తప్పదా అత్తయ్యా?"

"నిన్నటి నుంచి ఇది ఎన్నోసారి అడగడం? ఏడాదికోసారి వచ్చే కూటాలు. మూడంటే మూడు రోజులు."

"పాప..."

"పాపకేంటి? తల్లివి నువ్వుండగా పిల్లకేం భయం?"

బొడ్లోంచి తాళం చెవి తీసి కోడలి చేతిలో పెట్టింది. ఉయ్యాలలోకి వంగి మనవరాలి తల నిమిరి, కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసింది. బ్యాగు అందుకుని గుమ్మం దాటింది. ఆటో గట్టు మీద దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

భాగ్యశ్రీ కూడా సంచీ భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

ఇంకొక్క నిమిషంలో ఇంట్లో ఇద్దరే ఉంటారు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. జాయ్సీ ఉయ్యాల వైపు చూసింది. పాప ఆమెను పోల్చుకుంది. కాళ్ళూ చేతులూ ఆడిస్తూ బోసినోటితో నవ్వింది. జాయ్సీకి ఆ నవ్వంటే ప్రాణం. అందుకే దగ్గరికి వెళ్ళలేకపోయింది.

"వస్తానమ్మా. తలుపేసుకో," అంది భాగ్యశ్రీ.

జాయ్సీ ఉయ్యాల దగ్గరికి నడిచింది. పాపను రెండు చేతులతో ఎత్తుకుంది. గుండెకు ఆనించుకోకుండా, అలాగే దూరంగా పట్టుకుని గుమ్మం దాకా వచ్చి భాగ్యశ్రీ చేతుల్లో పెట్టింది. మూడడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది.

"ఏంటమ్మా, పాపని నాకిచ్చేశావ్?"

"మమ్మల్నిద్దర్నీ ఒంటరిగా వదిలి వెళ్ళకండి," అంది జాయ్సీ, "పాపని నేనే ఏమైనా చేసేస్తానేమోనని భయంగా ఉందండీ."