పరాయి జలుబు

ఈశ్వరమ్మ ఒంట్లోని రక్షణ కణాలు ఆమె మోకాళ్లనే శత్రువులనుకుని కొరికేవి. ఇప్పుడు విజయనగరంలో అందరిలాగే ఆమె చేతికీ కాపలా పట్టీ ఉంది. ఒంట్లో ఏది కనబడినా "ఇదెవరి తాలూకా?" అని అడుగుతుంది; మనదంటే వదిలేస్తుంది, పరాయిదంటే కణాలను దాని మీదికి ఉసిగొల్పుతుంది. రోజూ పొద్దున్నే "మోకాలు మనదే" అని చెప్పగా చెప్పగా నొప్పులు తగ్గాయి.

ఆ రోజు ఎదురింటి సన్యాసమ్మ తుమ్ముతూ వచ్చి కూర్చుంది.

"ఈ జలుబు ఎవరి తాలూకా?" పట్టీ గట్టిగా అడిగేసింది.

ఈశ్వరమ్మకు మొహమాటమేసింది. "మనదేలే" అంది.

పట్టీ దాన్ని లోపలికి వదిలేసింది. కాఫీ పెట్టడానికి లేచేసరికి ముక్కు కారుతోంది.

వంటింట్లో భర్త గౌరునాయుడు విసుక్కున్నాడు. "పరాయిదని సెప్పకుండా ఒగ్గేసినావేటి?"

"ఆవిడింకా కూకునే ఉంది కదేటి," ఈశ్వరమ్మ గొంతు తగ్గించింది. "ఎల్లాక సెప్తాను."