పాపకి ఎంతమంది అమ్మలు

"అద్దం మీద గీతలేంటే, చెయ్యి తియ్యి," అంది తల్లి.

పాప తియ్యలేదు. ఫ్రీజర్ అద్దాల తలుపు మీద పట్టిన తెల్లటి మంచులో వేలితో సున్నాలు చుడుతూ, "ఇదొక అమ్మ... ఇదింకో అమ్మ..." అని తనలో తనే చెప్పుకుంటోంది.

అది ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు గది. బయట పొద్దుట్నుంచీ వదలకుండా సన్నటి జల్లు. కిటికీ అవతల చెట్లూ గోడలూ పొగమంచులో కరిగిపోయి, ఈ ఒక్క గదే ఎక్కడికో తేలిపోతున్నట్టుంది. ఫ్రీజర్లు జోలపాట కూనిరాగం తీస్తున్నట్టు మెల్లగా మోగుతున్నాయి.

కంప్యూటర్ ముందు కూర్చున్నావిడని ఆసుపత్రిలో అందరూ లెక్కలక్క అంటారు. ఏ తల్లి పాలు ఎప్పుడు వచ్చాయో, ఏ బిడ్డకి ఎన్ని పట్టారో ఎక్సెల్ షీట్లో ఎక్కించడం ఆవిడ పని.

"నెలలు నిండకుండా పుట్టిందండీ ఇది," అంది తల్లి. "నాకు పాలు పడలేదు. మీ బ్యాంకు పాలతోనే బతికింది. ఆ మాట నోరు జారి దీంతో అన్నాను. అప్పట్నుంచీ 'నాకు ఎంతమంది అమ్మలు?' అని ఒకటే నస. రేపో మాపో బళ్లో వెయ్యాలి. ఊరంతా మా అమ్మలేనని టీచరుతో చెప్పేలా ఉంది."

"పేర్లు చెప్పకూడదమ్మా," అంది లెక్కలక్క.

"పేర్లొద్దు. ఎంతమందో చెబితే చాలు. నాకూ తెలుసుకోవాలనుంది. ఎంతమందికి దణ్ణం పెట్టుకోవాలో తెలియాలి కదా."

పక్కన సీసాలకి చీటీలు అంటిస్తున్న నర్సు నవ్వింది. ఈమధ్యే చేరిన పిల్ల. నోటికి తాళం లేదు. "మా అక్క దగ్గర మీ పప్పులుడకవండీ. రూలంటే రూలే. పైగా పిల్లలంటే ఆమడ దూరం. చంటిపిల్లల వార్డు గుమ్మమైనా తొక్కదు."

లెక్కలక్క ఆ మాట విననట్టే చెయ్యి చాపి పాప ఆసుపత్రి కార్డు తీసుకుంది. దానిమీద నంబరు చూసి, మళ్లీ చూసి, కళ్లజోడు తుడుచుకుంది. పాత షీటు తెరిచింది. అంకెల వరసలు తెర నిండా సన్నటి వానలా పరుచుకున్నాయి.

"ఇన్నిట్లో ఎలా వెతుకుతారు?" అంది తల్లి.

"వెతకక్కర్లేదు. ఏ వరస కూడాలో చెప్పి, షరతులు పెడతాం. అన్ని షరతులకీ సరిపోయిన అంకెల్నే అది కూడుతుంది." లెక్కలక్క మొదటి షరతుగా పాప నంబరు కొట్టింది. తెరమీద ఒక మొత్తం వచ్చింది. "ఇవి మీ పాప తాగిన పాలన్నీ. ఇప్పుడు దాతలిచ్చినవే కావాలని రెండో షరతు పెడుతున్నా."

మొత్తం కాస్త తగ్గింది.

"తగ్గిందేంటండీ?"

"దాతలవి కానివి పక్కకెళ్లాయి. అవి మీవి."

తల్లికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నావా? నాకు రెండు చుక్కలు కూడా..."

"ఆ చుక్కలే. సిరంజిలో పట్టి పాపకి పట్టించారు. పట్టిన ప్రతిసారీ రాశారు."

తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. ఇన్నాళ్లూ మనసులో ఏ మూలో ముల్లులా ఉన్నది కదిలి బయటికొచ్చినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. పాప వచ్చి ఒళ్లోకెక్కి, మంచు తగిలి చల్లబడ్డ వేళ్లు ఆమె మెడలో దాచుకుంది. నిద్రమత్తుగా అడిగింది. "ఎంతమంది?"

"అప్పట్లో ఒక్కో తల్లి పాలు విడివిడిగా ఉంచేవాళ్లం," అంది లెక్కలక్క. "దాత నంబరు మూడో షరతుగా పెట్టి చూడాలి."

ఆవిడ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. తర్వాత నెమ్మదిగా ఒక నంబరు కొట్టింది.

ఈసారి మొత్తం తగ్గలేదు.

"ఒక్కరే," అంది లెక్కలక్క. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "ఆ పాలన్నీ ఒక్కరివే."

"ఒక్కరే ఇన్ని ఇచ్చారా! తన బిడ్డకి తక్కువ చేసి మా పాపకిచ్చారేమో, పాపం."

"లేదమ్మా. ఆవిడకి పాలు మిగిలిపోయేవి."

"చల్లని తల్లి. ఎక్కడున్నా పిల్లాపాపలతో బాగుండాలి." తల్లి లేచింది. అప్పటికే పాప నిద్రలోకి జారుకుంది. గొడుగు ఒక చేతికీ సంచి ఒక చేతికీ సరిపోయాయి. "కాస్త దీన్ని ఆటో దాకా పట్టుకుంటారా?"

నర్సు ముందుకొచ్చేలోపే లెక్కలక్క చేతులు చాపింది. పాప తల ఆవిడ భుజం మీద ఒరిగింది. వసారాలో ఆవిడ ఎంత మెల్లగా నడిచిందంటే, గొడుగు పట్టుకుని ముందు వెళ్తున్న తల్లి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. పాపని ఆటోలో తల్లి ఒళ్లో పడుకోబెట్టాక, అది కలలో ఏం తాగుతోందో, పెదాలు కదిపింది.

ఆటో మంచులో కలిసిపోయాక కూడా లెక్కలక్క జల్లులో అలాగే నిలబడింది. తడిసిన భుజంతో తిరిగొచ్చేసరికి నర్సు తెరవైపే చూస్తోంది.

"అక్కా, అంతమంది దాతలున్నారు కదా. వాళ్ల పట్టిక కూడా తెరవకుండా, మొదటిసారే ఆ నంబరెలా కొట్టావు?"

"గుర్తుంది," అంది లెక్కలక్క.

బిడ్డ దక్కని ఆ చలికాలంలో, ఆ నంబరు ఆవిడకే ఇచ్చారు.