బండి కదిలితే చాలు

“దించండి... ఇంకొంచెం... ఆపండాపండి!”

గొలుసుకి వేలాడుతున్న డీజిల్ ఇంజను అంబాసిడర్ కారు కడుపులోకి దిగినట్టే దిగి పక్కకి ఒరిగింది. గణేష్‌బాబు గొలుసు వదలకుండా అలాగే కళ్లు మూసుకున్నాడు. పొద్దున్నుంచీ ఇదే తంతు. చేతులు లాగేస్తున్నాయి. నడుం పట్టేసింది.

“కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. శుభ్రంగా నడిచే కారుని విప్పి కూర్చున్నారు,” అంది అతని భార్య వెంకటదుర్గ, కొంగుతో చెమట తుడుచుకుంటూ.

గణేష్‌బాబు పనిచేసే రైసుమిల్లు మూతపడ్డాక చేతికొచ్చిందంతా ఈ పాత కారులోనే పెట్టాడు. మూఢం వెళ్లగానే పెళ్లి ముహూర్తాలు మొదలవుతాయి. బాడుగలకి తిప్పితే ఇల్లు గడుస్తుంది, లేకపోతే లేదు. పెట్రోలు బండితో బాడుగలు చేస్తే చివరికి మిగిలేది అలుపే. డీజిల్ ఇంజను పడాల్సిందే. రాజమండ్రి మెకానిక్కులేమో బండి ఎవరిదో చెప్పే సి బుక్కు లేనిదే చెయ్యి వేసేది లేదన్నారు. కారు అమ్మింది ఎదురింటివాళ్ల అల్లుడు. పేరు మార్పుకి ఇచ్చాను, వచ్చేస్తుంది అంటున్నాడు. ఊరి అల్లుణ్ణి పట్టుకుని కాగితం కోసం నిలదీస్తే ఏం మర్యాద? అందుకని, బస్తాల లెక్క తప్ప స్పానరు మొహం చూడని గణేష్‌బాబు తనే పనిలోకి దిగాడు.

“ఇంజను కూర్చునే మౌంటింగులు అటుది ఇటు వేశారండి.”

ఇద్దరూ తిరిగి చూశారు. గేటు దగ్గర అరవై దాటిన మనిషొకాయన నిలబడి ఉన్నాడు. చెప్పులు అరిగిపోయాయి. మొహం ఎండకి వాడిపోయింది.

“ఎవరండీ మీరు?”

“వెంకటరాజంటారండి. మాది పెద్దాపురం. పని మీద ఊళ్లు తిరుగుతున్నాను. ముప్పై ఏళ్లు అంబాసిడరే తోలానండి.” ఆయన లోపలికొచ్చి బానెట్‌లోకి తొంగి చూశాడు. “ఇందులో ముందున్న ఇంజను ఏదండి?”

“రాజమండ్రిలో పాతసామాను కొట్టుకి ఇచ్చేశానండి. ఈ డీజిల్‌ది కొనాలి కదా మరి.”

వెంకటరాజు వంగి, లోపలి రేకు మీది తుప్పుని బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత చొక్కా విప్పి గోడ మేకుకి తగిలించాడు.

“స్పానర్లు ఇలా ఇవ్వండి. బండి కదిలేదాకా ఉంటాను.”

అన్నట్టే రోజూ మొదటి బస్సుకి దిగేవాడు. ఆయన చెప్పడం, ఇతను బిగించడం. తప్పు బిగిస్తే విప్పించేవాడు. విప్పింది మళ్లీ బిగించేసరికి ఎండ నెత్తి మీదకొచ్చేది. ఒక్కోసారి గణేష్‌బాబు బొబ్బలెక్కిన చేతుల వంక చూసుకుని, మళ్లీ బోల్టు మీదకి వంగేవాడు.

“ఎంతివ్వమంటారండి?” అని అడిగాడు గణేష్‌బాబు ఒకరోజు, మొహమాటపడుతూ.

“నాకేం వద్దండి. బండి కదిలితే చాలు. నిలబెట్టేస్తే ఏ బండైనా మట్టైపోతుంది. పోలీసు స్టేషన్ల ముందు చూళ్లేదా, పట్టుకొచ్చిన బండ్ల మీద తీగలెలా పాకుతాయో.”

“మీ బండి ఏం చేశారండి మరి?”

“ఇప్పుడు లేదండి. ఆ పైపు బిగించండి ముందు.”

ఆయన వెళ్లాక వెంకటదుర్గ అంది: “ఉత్తి పుణ్యానికి ఇంత చాకిరీ ఎవరు చేస్తారండీ? అన్నం పెడతానంటే మీ ఇంట్లో తినలేనమ్మా అంటాడు.”

“ఒక్కపొద్దేమోలే.”

“రోజూనా? పైగా ఆ వెనక తలుపు పైకెత్తి లాగితే గానీ రాదని మనకే వారానికి తెలిసింది. ఆయన మొదటిరోజే టక్కున తీశాడు.”

“ముప్పై ఏళ్లు తోలిన మనిషికి ఆ మాత్రం తెలీదా? దేవుడు పంపినవాణ్ణి కూడా అనుమానిస్తే ఎలాగే?” గణేష్‌బాబు విసుక్కుని చాప మీద వాలాడు.

ఇంజను కూర్చుంది. కానీ స్టార్టవ్వలేదు. డీజిల్ పైపులో గాలి పట్టిందన్నాడు వెంకటరాజు. నట్టు వదులు చేసి గాలి తీయించాడు. ఇంకోసారి తీయించాడు. ఇక నావల్ల కాదని గణేష్‌బాబు నేల మీద కూలబడ్డాక, ఆయనే కూర్చుని తాళం తిప్పాడు. నల్లటి పొగ కక్కి ఇంజను దడదడలాడింది. గణేష్‌బాబుకి ఏడుపొచ్చేసింది. గబగబా వెళ్లి ఆయన కాళ్లకి వంగబోయాడు.

వెంకటరాజు చటుక్కున కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. “నాకు దణ్ణం పెట్టకండి బాబూ.”

“మొదటి కొబ్బరికాయ మీ ఊరి మరిడమ్మ తల్లికే కొడతామండి. మీరే తోలాలి!”

పెద్దాపురం దాకా కారు ఎక్కడా ఆగలేదు. గణేష్‌బాబు ముందు సీట్లో వెనక్కి వాలి, మిల్లు మూతపడ్డాక మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ముహూర్తాలకి ఎవరెవర్ని అడగాలో భార్యకి చెబుతూనే ఉన్నాడు. ఆయన మాత్రం దారంతా నోరు విప్పలేదు. అలిసిపోయుంటాడు పాపం, అనుకున్నారు.

గుళ్లో కొబ్బరికాయ కొట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. తిరుగు దారి పట్టాల్సిన కారు పక్క సందులోకి తిరిగి, ఓ పెంకుటింటి ముందు ఆగింది. లోపల్నుంచి వచ్చినావిడ కారుని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మీ ఇల్లాండీ? ముందే చెబితే పళ్లేమైనా తెచ్చేవాళ్లం కదా!” అంది వెంకటదుర్గ.

వెంకటరాజు ఇంజను ఆపి, తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

“దిగండి బాబూ, దొంగలెత్తుకుపోయిన మా కారు ఇదే.”