పొద్దున ఏం తిన్నావు?

జీబ్రా ఆ కుర్రాణ్ణి వదల్లేదు.

సిగ్నల్ మారిపోయింది. మినీబస్సులు హారన్లు మోగిస్తున్నాయి. అయినా నడిరోడ్డు మీద వాడి భుజాల మీద రెండు గిట్టలూ వేసి ఏదో అడుగుతూనే ఉంది.

వాళ్ల వెనకే రోడ్డు దాటుతూ ఇరుక్కుపోయిన ఇంజనీరు రెంబెర్తోకి ఒళ్లు మండింది.

లా పాస్ నగరంలో జీబ్రాలు కొత్తేమీ కాదు. మనుషులే చారల దుస్తులు వేసుకుని, మొహం కనబడకుండా జీబ్రా తల తగిలించుకుని, కూడళ్లలో జనాన్ని రోడ్డు దాటిస్తుంటారు. దూకుడు డ్రైవర్లని ఆటపట్టిస్తుంటారు. ఇంజనీరింగ్ కాలేజీ ముందున్న జీబ్రా మాత్రం దాటించడంతో ఆగదు. గొంతు ఆడపిల్లది. ఒకణ్ణి నిద్రపోయావా అంటుంది. ఒకమ్మాయిని ఇంటికి ఫోన్ చేశావా అంటుంది. ఈ బూడిదరంగు స్వెట్టర్ కుర్రాడికి రోజూ ఒకటే ప్రశ్న.

"పొద్దున ఏం తిన్నావు తమ్ముడూ?"

వాడు విసుక్కుని తప్పించుకుంటాడు. అది వెంటపడుతుంది.

ఆ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక రెంబెర్తో క్లాసుకి ఆలస్యంగా వెళ్లింది లేదు. ఆ జీబ్రా పుణ్యమా అని ఆ రోజు వెళ్లాడు. సాయంత్రం జీబ్రాల ఆఫీసుకి పోయి, రోడ్డు దాటించమంటే మీ జీబ్రా ఊరి పెత్తనాలు చేస్తోందని చెప్పి వచ్చాడు.

కొన్నాళ్లకి ఆ జీబ్రాయే అతని దారికి అడ్డం నిలబడింది.

"రేపట్నుంచి నన్ను వేరే కూడలికి వేశారు ఇంజనీరు గారూ. ఎవరో ఫిర్యాదు చేశారట."

రెంబెర్తో పక్కకి తప్పుకుని వెళ్లబోయాడు.

జీబ్రా ఒక కాలిక్యులేటర్ తీసి అతని చేతిలో పెట్టింది. ఆ స్వెట్టర్ కుర్రాడిదట. పేరు లింబెర్, మీ క్లాసేనంది. ఇక నాకు అక్కర్లేదు, నువ్వుంచుకో అని నిన్న తనకి ఇచ్చేశాడట.

చదువు మానేస్తున్నాడేమోనన్నాడు రెంబెర్తో. తన క్లాసులో తొంభై మంది ఉన్నారనీ, అందరి మంచీచెడ్డా కనుక్కుంటూ కూర్చుంటే పాఠం జీబ్రాలు చెప్పాల్సి వస్తుందనీ అన్నాడు.

జీబ్రా నవ్వలేదు.

"ఇన్నాళ్లూ నన్ను చూస్తే తిట్టుకునేవాడు. నిన్న ఆగి, అన్నిటికీ థాంక్స్ అక్కా అన్నాడు. నాకు భయం వేసింది. పరీక్షల ముందు కాలిక్యులేటర్ దానం చేసేవాడు ఉంటాడా? మీరే ఇవ్వండి ఇది. ఇచ్చేసి వెళ్లిపోకండి. వాడి పక్కన కాసేపు కూర్చోండి."

చారల తోక ఊపుకునేదాని చేత చెప్పించుకోవాల్సి వచ్చిందని గొణుక్కుంటూ లోపలికి నడిచాడు.

కానీ పాఠం చెబుతున్నంతసేపూ చూపు వెనక బెంచీ మీదికే పోయింది. లింబెర్ ముందు పుస్తకం తెరిచే ఉంది. పెన్ను కదలడం లేదు. ఆ స్వెట్టర్ వాడికి ఎంత వదులైపోయిందో రెంబెర్తో అప్పుడే చూశాడు.

క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆపాడు. ఇది నీదేనా అని అడుగుదామనుకున్నాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పొద్దున ఏం తిన్నావు?"

లింబెర్ కాలిక్యులేటర్ వంక చూశాడు. అతని వంక చూశాడు.

"ఏమీ తినలేదు," అన్నాడు. "నిన్న కూడా."

కాలేజీ పక్క సందులో ఒకావిడ వేడివేడి మొక్కజొన్న పానీయం అపీ, జున్ను పెట్టి వేయించిన పేస్ట్రీలు అమ్ముతోంది. ఇద్దరూ ఆమె ముందు బల్ల మీద కూర్చున్నారు. గ్లాసు సగం అయ్యాక లింబెర్ చెప్పడం మొదలుపెట్టాడు.

రెండుసార్లు ఫెయిలయ్యాడు. ఊళ్లో అమ్మ మాత్రం కొడుకు ఇంజనీరు అయిపోతున్నాడని సంతలో అందరికీ చెప్పుకుంటోంది. వాడికి నిద్ర పట్టడం లేదు.

రెంబెర్తో నాలుక చివరి దాకా బోలెడన్ని సలహాలు వచ్చాయి. మింగేశాడు. అడగక తప్పదనిపించిన మాట అడిగాడు.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

లింబెర్ తలెత్తలేదు. అవునన్నట్టు ఊపాడు.

ఆ రోజు రెంబెర్తో మరో క్లాసు తీసుకోలేదు. కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కాలేజీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కొండ మీది ఎల్ ఆల్తోలో ఉన్న వాడి అక్కకి ఫోన్ చేశాడు. ఆమె దుకాణం ఏప్రన్ కూడా విప్పకుండా కేబుల్ కారెక్కి దిగి వచ్చింది. అక్కని చూడగానే లింబెర్ భోరుమన్నాడు. అప్పటిదాకా ఇంజనీరు గారి కోటు చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

లింబెర్ మెల్లగా తేరుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడు. క్లాసుకి వస్తున్నాడు. ఒక్కోరోజు నవ్వుతున్నాడు కూడా.

అప్పుడు బయల్దేరాడు రెంబెర్తో, ఆ జీబ్రా కోసం కూడలి కూడలీ వెతుక్కుంటూ.

శ్మశానం దగ్గర, గొంతుని బట్టి గుర్తుపట్టాడు. చారల తల ఒళ్లో పెట్టుకుని, పేవ్‌మెంట్ అంచున కూర్చుని, లోపల మాంసం, రసం నిండిన సాల్తేన్యా తింటోంది. పాతికేళ్లు కూడా లేవు. అతను వెళ్లి పక్కనే కూర్చున్నాడు.

"ఫిర్యాదు చేసింది నేనే."

"తెలుసు. ఒక్క నిమిషం ఆగండి, రసం కారిపోతోంది."

తినడం అయ్యాక లింబెర్ సంగతంతా చెప్పాడు. ఆమె గిట్ట తొడుగు వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది. ఆఫీసులో మాట్లాడి పాత కూడలికి వేయిస్తానంటే వద్దంది, ఇక్కడా పిల్లలు దాటుతున్నారుగా అంది.

రెంబెర్తో ఆమె మొహంలోకి నిండుగా చూశాడు. ఎవరి పిల్లో ఏమో, ఎండకీ వానకీ రోడ్డు మీదే ఉంటోంది.

"ఇంత తెలివైనదానివి, చదువుకోకూడదా అమ్మాయ్? మా కాలేజీలో చేరు. నేను చూసుకుంటాను."

"చేరాను ఇంజనీరు గారూ," అంది ఆమె జీబ్రా తల మళ్లీ తగిలించుకుంటూ, "రెండేళ్ల కిందట మీ క్లాసులోనే ఉండేదాన్ని, మధ్యలో రావడం మానేశాక ఎందుకని అడుగుతారేమోనని చాలా రోజులు చూశాను."